పడవ ట్రైలర్ ఆనుపులు మార్చేటప్పుడు: టేకు, మద్ది, ప్లాస్టిక్, అల్యూమినియంలలో ఏది ఎవరికి తగినది

ట్రైలర్ మీద పడవ అడుగును మోసే రెండు పొడవాటి దూలాలనే ఈ వ్యాసంలో ఆనుపులు అంటున్నాను. చక్రాల మీద, ఇరుసు మీద, పడవను లాగి ఎక్కించే వించి మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా వీటి మీద ఎవరూ పెట్టరు. ఒకనాడు బోల్టు దగ్గర చెక్క వేలితో గీకితే పొడిగా రాలినప్పుడో, పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడో మాత్రమే వీటి సంగతి గుర్తుకు వస్తుంది. అప్పుడు పాత ముక్కను కొలతగా పట్టుకుని అడితికి వెళ్లి, ఆ కొలతకు దొరికిన చెక్కను కోయించి తెచ్చి బిగించడం మన వైపు అలవాటు. పాతది ఎందుకు పాడైందో చూడకుండా ఇలా చేస్తే కొత్తది కూడా అదే తీరున, దాదాపు అంతే కాలంలో పాడవుతుంది.

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఈ ఎంపికకు మూలం ఒక్కటే: ఇక్కడి పడవ నీటిలో ఉండే గంటల కంటే ట్రైలర్ మీద నిలిచి ఉండే రోజులే చాలా ఎక్కువ. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో అప్పుడప్పుడు తిరిగే ఫైబర్ పడవకైనా, వరద సహాయం కోసం సిద్ధంగా ఉంచే అల్యూమినియం పడవకైనా ఇది వర్తిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవ అవసరం ఎంతటిదో నగరమంతా చూసింది. అటువంటి పడవ నెలల తరబడి ఆరుబయట ట్రైలర్ మీదే ఉండి, పిలుపు వచ్చిన వెంటనే కదలవలసి ఉంటుంది. ఆ నెలల్లో ఆనుపును తినేసేది నది నీరు కాదు; 45 డిగ్రీలను తాకే వేసవి వేడి, ఆ తరువాత వానాకాలంలో ఆనుపుకు చుట్టిన కప్పు గుడ్డ కింద ఆరకుండా నిలిచిపోయే తడి. కాబట్టి ఏ పదార్థం ఎంత బరువు మోస్తుందని అడగడానికి ముందు, అది ఎండకు ఎలా ఉంటుంది, తడిసిన తరువాత ఎంత త్వరగా ఆరుతుంది అని అడగాలన్నది నా అభిప్రాయం.

పాత ఆనుపును విప్పినప్పుడు పారవేయకుండా తిరగేసి చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ మాత్రమే మెత్తబడి ఉంటే దోషం చెక్కది కాదు, రంధ్రాన్ని మూసి ఉంచని పనితనానిది. పై ముఖం మొత్తం నల్లబడి, మెత్తబడి ఉంటే కప్పు గుడ్డ నీటిని పట్టి ఉంచిందని అర్థం. చెక్క గట్టిగానే ఉండి రెండు బ్రాకెట్ల మధ్య విల్లులా వంగి ఉంటే మందం చాలలేదు, లేదా బ్రాకెట్లు దూరమయ్యాయి. చివరలు మాత్రమే చీలి ఉంటే ఆరని పచ్చి చెక్కను అమర్చారని, కోత ముఖాలకు పూత వేయలేదని తెలుస్తుంది. ఈ నాలుగింటిలో మొదటి రెండింటికి ఎంత ఖరీదైన కలప తెచ్చినా మందు కాదు.

వంపు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పడవ అడుగుకు హాని జరిగేది ఇక్కడే. 600 కిలోల పడవ 2.4 మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న రెండు ఆనుపుల మీద పూర్తిగా ఆనితే, చదరపు సెంటీమీటరుకు పడే భారం 125 గ్రాములే. అది ఏ ఫైబరుకూ లెక్కలోకి రాదు. కానీ ఆనుపు మధ్యలో కుంగితే ఆ భారమంతా బ్రాకెట్లకు ఎగువన ఉన్న కొద్దిపాటి చోట్లలో పేరుకుంటుంది. ఫైబర్ అడుగు నెలల తరబడి అలా ఉంటే అక్కడ సొట్ట నిలిచిపోతుంది, ఆ సొట్టతో పడవ నీటి మీద సరిగా పరుగెత్తదు. దూలం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని నిలువు కొలత ఘనంతో పెరుగుతుంది. అందువల్ల 4×2 అంగుళాల చెక్కను పడుకోబెట్టిన దానికంటే నిలబెట్టి బిగిస్తే 4 రెట్లు బిగువు వస్తుంది. నిలబెడితే పడవకు ఆనే వెడల్పు సగమవుతుంది కాబట్టి, నిలువు దూలం మీద ఒక అడ్డ పలకను బిగించి రెండు లాభాలనూ పొందడం మేలు. మరొక విషయం: ఆనుపు వెనుక చివర పడవ వెనుక గోడ దాకా తప్పక రావాలి. ఇంజిను బరువంతా అక్కడే వేలాడుతుంది. ముందే ఆగిపోయిన ఆనుపు మీద నిలిచిన పడవలకు వెనుక అడుగు కిందికి వాలడం తరచుగా చూస్తాము. పాత ముక్కనే కొలతగా తీసుకుంటే ఈ లోపం కూడా కొత్తదానికి సంక్రమిస్తుంది.

కలప

మన అడితీలలో సులభంగా దొరికేవాటిలో టేకు చేవకు, అంటే మాను లోపలి ముదురు రంగు గట్టి చెక్కకు, సాటి లేదు. దానిలోని సహజమైన నూనెలు నీటినీ చెదనూ దూరంగా ఉంచుతాయి, ఆరిన తరువాత అది పెద్దగా మెలి తిరగదు, వడ్రంగికి పని సులువు. అయితే ఈ గుణాలన్నీ చేవవే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఇవేవీ లేవు. లేత తోటల టేకులో తెల్ల భాగం ఎక్కువగా ఉంటుంది, టేకు పేరుతో అదే ధరకు అదీ వస్తుంది. గృహనిర్మాణానికి గుమ్మాలు కొనేటప్పుడు రంగు, గీత చూసి ఎంచుకుంటాము. ఆనుపుకు అందం అక్కరలేదు, నాలుగు ముఖాలా చేవ ఉన్న ముక్క కావాలి. ముడులు ఉండవచ్చు గాని బ్రాకెట్ల మధ్య భాగంలో, అందులోనూ కింది ముఖం మీద పెద్ద ముడి ఉన్న ముక్కను వద్దనండి, వంగినప్పుడు అది అక్కడే విరుగుతుంది.

నల్లమద్ది టేకు కంటే బరువైనది, గట్టిది, ధరలో చౌక. దాని ఇబ్బంది ఆరడంలో ఉంది: కోసిన వెంటనే ఎండలో పడేస్తే చీలుతుంది, మెలి తిరుగుతుంది. అడితిలో చాలాకాలంగా నీడన పేర్చి ఉన్న పాత సరుకు దొరికితే, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికి నేను మొదట సూచించేది మద్దినే. వేగిస కూడా బలమైనదీ మన్నికైనదీ, కానీ తడిసినప్పుడు దాని నుంచి దిగే రంగు తెల్లని ఫైబర్ అడుగు మీద మరకగా నిలుస్తుంది. తుమ్మ గట్టిదే అయినా తిన్నని పొడవాటి ముక్క దొరకడం కష్టం. జామాయిల్ చీలుతుంది, మెలి తిరుగుతుంది. మామిడి ఒక వానాకాలం దాటడమే గొప్ప. ఈ రెండింటి జోలికి పోవద్దు.

ఆటోనగర్‌లో యంత్రాలు వచ్చిన పెట్టెల పైన్ చెక్క చౌకగా దొరుకుతుంది, దాని మీద ఉన్న ముద్రను చూపి శుద్ధి చేసిన కలప అని చెప్పేవారూ ఉన్నారు. హెచ్‌టీ అన్న ఆ ముద్రకు అర్థం, చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించి పురుగును చంపారని మాత్రమే. దేశాల మధ్య తెగుళ్లు పాకకుండా పెట్టిన నియమం అది, చెక్కకు మన్నికను ఇచ్చే శుద్ధి కాదు. తడి తగిలితే ఆ చెక్క మామూలు పైన్ లాగానే కుళ్లుతుంది.

అసలైన శుద్ధి వేరు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల ద్రావణాన్ని ఒత్తిడితో చెక్క లోపలికి ఎక్కించే సీసీఏ పద్ధతికి 1933లో రూపమిచ్చినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం. ప్రపంచమంతటా స్తంభాలకూ రేవు కట్టడాలకూ దశాబ్దాలపాటు ఆధారమైన ఆ విద్య మనవాడి చేతిమీదుగా వచ్చిందని ఇక్కడి వడ్రంగులలో ఎంతమందికి తెలుసునో గాని, తెలియవలసిన విషయమే. ఆర్సెనిక్ కారణంగా అమెరికాలో 2003 చివరితో ఇళ్ల అవసరాలకు దాని తయారీని ఆపారు. దాని స్థానంలో వచ్చిన ఏసీక్యూ వంటి శుద్ధులలో రాగి పాలు మరింత ఎక్కువ. ఇలా శుద్ధి చేసిన పైన్ సంపాదించగలిగితే ఆనుపుకు చక్కగా సరిపోతుంది, కానీ మూడు జాగ్రత్తలు తప్పవు. కోయడం, రంధ్రాలు వేయడం శుద్ధికి ముందే పూర్తి కావాలి, లేదా తరువాత కోసిన ప్రతి ముఖానికీ రక్షక ద్రావణాన్ని మళ్లీ పట్టించాలి. మిగిలిన తునకలను పొయ్యిలో పెట్టకూడదు; సీసీఏ చెక్క పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. ఇక అల్యూమినియం పడవ కింద రాగి శుద్ధి చేసిన చెక్క ఎన్నటికీ వద్దు: తడిలో చెక్క నుంచి దిగిన రాగి అల్యూమినియం మీద చేరి సూదిమొన రంధ్రాలు పడేలా తినేస్తుంది. కుంచెతో పూసే రసాయనాలు పై పొరనే కాపాడతాయి. టేకు చేవ ద్రావణాన్ని సులభంగా లోపలికి రానివ్వదు, దాని సహజ గుణమే దానికి రక్ష.

కాలిన ఇంజిను ఆయిల్‌ను చెక్కకు పట్టించే అలవాటు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది కుళ్లును ఆపదు, పడవ అడుగుకు మరకలు పూస్తుంది, పడవను దించిన ప్రతిసారీ కృష్ణలో కలుస్తుంది. విజయవాడ తాగే నీరు ఆ నదిదే.

భారతీయ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌కు ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. 72 గంటలు నీటిలో మరిగించినా పొరలు విడిపోని జిగురు దానిది. పడవ అడుగు వంపు తిరిగి ఉన్నప్పుడు పలుచని పొరలను ఆ వంపుకు వంచి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికితే తిన్నని చెక్క ఇవ్వలేని ఆనుపు వస్తుంది. కోత అంచులకు ఎపాక్సీ పూత వేయకపోతే మాత్రం నీరు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. అడుగు చదునుగా ఉన్న పడవకు ఇంత శ్రమ అక్కరలేదు.

ప్లాస్టిక్ జాతి

చెక్క, ప్లాస్టిక్ మిశ్రమం అన్న అర్థంలో డబ్ల్యూపీసీ పేరుతో స్నానాల గదుల తలుపులకు, వంటగది అల్మరాలకు వాడే బోర్డు కుళ్లదు, చెద పట్టదు. ఆ మాట విని ఆనుపుకు కూడా అదే తెచ్చేవారు పెరుగుతున్నారు. దయచేసి తేవద్దు. మన బజారులో ఆ పేరుతో అమ్మేది చాలావరకు నురగలా ఉబ్బించిన పీవీసీ. అది స్క్రూను గట్టిగా పట్టదు, 70, 80 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిచిన ముదురు రంగు ఉపరితలం ఆ అంకెకు దగ్గరగా వెళుతుంది. చెక్క పొడి కలిపి చేసే అసలు మిశ్రమ పలకలు దీనికంటే గట్టివే గాని, వాటిని చేసింది దగ్గర దగ్గరగా ఉన్న దూలాల మీద నేలగా పరచడానికి, దూలంగా నిలబడటానికి కాదు.

హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథీన్ ప్లాస్టిక్ సంగతి వేరు. నీటిని అసలు పీల్చదు, నున్నగా ఉంటుంది, నల్ల రంగు కలిపినదైతే ఎండకు కూడా ఓర్చుకుంటుంది. దూలంగా మాత్రం పనికిరాదు: ఒకే కొలత ముక్కలను పోలిస్తే దాని బిగువు టేకులో పదో వంతు మాత్రమే. చెక్క దూలం మీద 10 లేదా 12 మిల్లీమీటర్ల పట్టీగా పరిస్తే దాని మంచితనమంతా మనకు దక్కుతుంది. అప్పుడు కప్పు గుడ్డ అవసరమే ఉండదు, తడి నిలవదు, చెక్క ఆరుతుంది. ఇక్కడి వాతావరణానికి ఇది నాకు ఎంతో నచ్చిన అమరిక. అయితే 2.5 మీటర్ల పట్టీ 30 డిగ్రీల తేడాకు సుమారు ఒక సెంటీమీటరు సాగుతుంది కాబట్టి, మధ్యలో ఒక్క స్క్రూను గట్టిగా బిగించి, మిగిలిన చోట్ల పొడవాటి గాడి రంధ్రాలు వేయాలి. స్క్రూ తలలు పట్టీ లోపలికి దిగిపోవాలి. లేకపోతే ఏప్రిల్ నాటికి పట్టీ మధ్యలో ఉబ్బుతుంది.

ఈ నున్నదనంలో ప్రాణాపాయం కూడా ఉంది. గుడ్డ చుట్టిన ఆనుపు మీద పడవ తన బరువుకే నిలుస్తుంది. హెచ్‌డీపీఈ మీద అలా నిలవదు. వాలు మీద ట్రైలర్ ఉండగా వించి పట్టీని ముందే విప్పితే పడవ నీటిని చేరకముందే జారి నేల మీద పడుతుంది, వెనుక మనుషులు నిలబడి ఉండవచ్చు. పడవ వెనుక భాగం తేలే దాకా వించి పట్టీని, భద్రతా గొలుసును విప్పకూడదు. ఎవరు పడితే వారు ట్రైలర్‌ను దించే చోట, అంటే సిబ్బంది మారుతూ ఉండే సహాయక దళాల దగ్గర, ఈ నియమం అందరికీ అలవాటైతేనే ఈ పట్టీ వేయండి.

అల్యూమినియం, ఉక్కు

100×50 మిల్లీమీటర్ల కొలతలో, 3 మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం బాక్సు మీటరుకు సుమారు 2.3 కిలోలు తూగుతుంది. అదే కొలత టేకు 3 కిలోలు దాటుతుంది. పడుకోబెట్టినా దాని బిగువు టేకుకు రెట్టింపు పైనే. కుళ్లు లేదు, చెద లేదు, ఎండకు సడలింపు లేదు. ధర ఎక్కువన్నది నిజమే, కానీ అదొక్కటే లెక్క కాదు. కిటికీలకు వాడే పలుచని బాక్సును తెచ్చి పెడితే బ్రాకెట్ దగ్గర గోడలు నలిగిపోతాయి. 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బోల్టు పడే చోట లోపల గొట్టపు ముక్క గానీ గట్టి చెక్క ముక్క గానీ దూర్చి బిగించాలి. ఉక్కు ఛాసిస్‌కు నేరుగా తగిలితే, ముఖ్యంగా ఉప్పు నీటిలో, అల్యూమినియమే ముందు తినబడుతుంది. మధ్యలో నైలాన్ లేదా రబ్బరు బిళ్ల ఉండాలి. పై ముఖానికి హెచ్‌డీపీఈ పట్టీ తప్పనిసరి, లోహం మీద లోహం గాని ఫైబరు గాని ఆనకూడదు.

జింకు పూత వేసిన ఇనుప (జీఐ) బాక్సు పైపును చాలామంది వెల్డర్లు సూచిస్తారు. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, గొట్టం లోపల తుప్పు కంటికి కనిపించకుండా పెరుగుతుంది. పని మొత్తం పూర్తయ్యాక వేడి జింకులో ముంచి తీయించగలిగితే సరే, లేకపోతే ఆ మార్గం వద్దు.

కప్పు గుడ్డ, బోల్టులు

గుడ్డే కావాలనుకుంటే పాలీప్రొపిలీన్ కార్పెట్ మాత్రమే వాడండి, దాని దారం నీటిని పీల్చదు. గోనె, కొబ్బరిపీచు చాప, దుప్పటి ముక్కలు నీటిని పట్టి ఉంచి పైన పడవనూ కింద చెక్కనూ ఒకేసారి పాడుచేస్తాయి. అల్యూమినియం అడుగుకు అవి కట్టు కట్టిన పుండులాంటివి, తడి లోపలే ఉండి లోహాన్ని తింటుంది. కన్వేయర్ బెల్టు రబ్బరు ఎన్నేళ్లైనా చెడదు, కానీ తెల్లని ఫైబరు మీద నల్ల మరక వదులుతుంది, పడవను జారనివ్వదు. కార్పెట్‌ను దూలం చుట్టూ పూర్తిగా చుట్టవద్దు. పై ముఖాన్నీ పక్కలనూ కప్పి, కింది ముఖాన్ని ఖాళీగా వదిలితే నీరు దిగుతుంది, గాలి తగులుతుంది. పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి, అవి పక్కల్లో పడాలి గాని పై ముఖం మీద కాదు.

బోల్టును పైనుంచి కిందికి దించే పద్ధతి కంటే, బ్రాకెట్ కింద నుంచి కోచ్ స్క్రూలు (పానాతో తిప్పే లావాటి చెక్క స్క్రూలు) ఎక్కించే పద్ధతి మంచిది. పై ముఖంలో రంధ్రమే ఉండదు, గుడ్డ అరిగినా ఇనుము పడవకు తగలదు. పైనుంచే బోల్టు వేయవలసి వస్తే తల కనీసం 8 మిల్లీమీటర్ల లోతుకు దిగాలి, రంధ్రం గోడలకు ఎపాక్సీ పూయాలి. మంచినీటికి వేడి జింకు పూత బోల్టులు లేదా 304 స్టెయిన్‌లెస్ చాలు, ఉప్పు నీటికి 316 కావాలి. రాగి శుద్ధి చేసిన చెక్కలో మామూలు ఇనుప బోల్టు త్వరగా తుప్పు పడుతుంది.

ఎవరికి ఏది

బ్యారేజీ ఎగువన మంచినీటిలో తిరిగే ఫైబర్ పడవకు టేకు చేవ దూలం, దాని మీద హెచ్‌డీపీఈ పట్టీ నా మొదటి ఎంపిక; డబ్బు తక్కువైతే నీడన ఆరిన మద్ది, కింద తెరిచి ఉంచిన పాలీప్రొపిలీన్ కార్పెట్. అల్యూమినియం సహాయక పడవకు, అది ఎండలో నెలల తరబడి నిలిచేదైతే, అల్యూమినియం బాక్సు మీద పట్టీయే సరి. కలపే కావాలంటే టేకు వాడండి గాని శుద్ధి చేసిన పైన్ వద్దు. గాలి నింపే రబ్బరు పడవకు వెడల్పు ముఖ్యం: 6 అంగుళాల పలక, గుండ్రంగా చిత్రిక పట్టిన అంచులు, కార్పెట్. దాని కింద ఒక్క స్క్రూ తల పైకి లేచినా గాలి పోతుంది.

సూర్యలంక, నిజాంపట్నం వైపు సముద్రానికి తీసుకువెళ్లే ట్రైలర్‌కు ఉప్పు అన్నిటికీ శత్రువు, ఒక్క చెక్కకు తప్ప. ఉప్పు చెక్కకు హాని చేయదు, బోల్టుకూ బ్రాకెట్‌కూ చేస్తుంది. అందుకని అక్కడ నేను అల్యూమినియం కంటే టేకునే ముందు పెడతాను, మిగిలిన డబ్బును 316 బోల్టుల మీద పెట్టమంటాను. ఇంటికి తిరిగి రాగానే ట్రైలర్‌ను మంచినీటితో కడగాలి, ముఖ్యంగా కార్పెట్ ఉంటే.

పని పెట్టుకోవడానికి ఏప్రిల్, మే నెలలు అనువైనవి: చెక్క బాగా ఆరి ఉంటుంది, ఎపాక్సీ గట్టిపడుతుంది, వానలకు ముందే అంతా సిద్ధమవుతుంది. లారీ బాడీలు కట్టే పనివాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు కాబట్టి వడ్రంగి, వెల్డరు ఇద్దరూ ఒకే చోట దొరుకుతారు. పడవను నీటిలోనో గట్టి స్టాండ్ల మీదో దించి ఆనుపులు మార్చడం మంచిది. అలా కుదరకపోతే ఒక్కొక్కటిగానే విప్పాలి, జాకీ మీద మాత్రమే ఆనిన పడవ కిందికి ఎవరూ వెళ్లకూడదు. చెక్క చివరలకు రెండు పూతల ఎపాక్సీ వేసి, ఆరాకనే బిగించాలి. కొత్త చెక్క కొద్దిగా కుంచించుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. మొదటి నెల గడిచాక ఒకసారి, తొలి వానలు పడ్డాక మరొకసారి పానా పట్టి అన్నిటినీ బిగించాలి.